మా ఇష్టపూర్వకంగా

నా చేతిరాత బాగుంటుంది. గొప్పకు చెప్పడం లేదు, నేరం ఒప్పుకుంటున్నాను. మిషన్ స్కూల్లో మా టీచరమ్మ బెత్తం పట్టుకుని దిద్దించిన గుండ్రటి అక్షరాలవి. రాళ్లచింతల ఆస్పత్రిలో పంతొమ్మిదేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. కేస్ షీటు నుంచి గోడ మీద అంటించే నోటీసు దాకా ఏది రాయాలన్నా రెబెకమ్మను పిలవండి అనేవాళ్లు. పిలిచినప్పుడల్లా పొంగిపోయి రాశాను. ఆ అక్షరాలతోనే మా ఆస్పత్రి గొంతు నులుముతున్నానని తెలిసిన రోజున నా కుడిచేతిని చూసుకుంటే ఒళ్లు మండింది.

ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు పోతూ లోపలికి తిరిగితే మా ఊరు. ముప్పై పడకల ఆస్పత్రి. చుట్టూ ఇరవై రెండు పల్లెలు, అన్నీ మెట్ట పొలాలు, జీవాలు మేపుకుని బతికే ఇళ్లు. ఇక్కడ కాకపోతే వాళ్లకు ఆత్మకూరే దిక్కు. గంటన్నర దారి.

మా వరండాలో నీలం రంగు బోర్డు ఒకటుంది. దాని మీద ఐదుగురు డాక్టర్ల పేర్లున్నాయి. కాన్పుల డాక్టరమ్మ డిప్యుటేషన్ మీద నెల్లూరులో ఉంటుంది. మత్తు డాక్టరు మానేసి నాలుగేళ్లయింది, పేరు మాత్రం ఎవరూ చెరపలేదు. పిల్లల డాక్టరు పై చదువుకు పోయాడు. ఎముకల డాక్టరు చేరిన రోజున దండ వేయించుకుని ఫొటో దిగాడు, మళ్లీ ఈ గడప తొక్కలేదు. సూపరింటెండెంటు రిటైరయ్యాడు. డిప్యుటేషన్ అంటే ఏమిటని మా ఊళ్లో ఏడేళ్ల పిల్లనడిగినా చెబుతుంది, ఉండీ లేకపోవడమని. నిజంగా పనిచేసే డాక్టరు ఒక్కడే, శ్రీకృష్ణ అని చిన్నవాడు. వారంలో మూడు రోజులు మాకు, మూడు రోజులు ఇంకో ఆస్పత్రికి. అతని పేరు బోర్డు మీద లేదు. టెంపరరీ కాబట్టి ఉండకూడదట.

నర్సులం ఏడుగురం ఉండాలి. ముగ్గురమున్నాం.

ఆరేళ్ల కిందట, కాన్పుల డాక్టరమ్మ వెళ్లిపోయిన కొత్తలో, ఒక కేసును ఆత్మకూరుకు పంపాల్సి వచ్చింది. రెఫర్ చీటీలో కారణం దగ్గర 'డాక్టరు లేనందున' అని రాశాను. అది నిజం, అందుకే రాశాను. మరునాడు సూపరింటెండెంటు నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, చాలా నెమ్మదిగా చెప్పాడు. డాక్టరు లేడని రాస్తే అది ఫిర్యాదవుతుందట. ఫిర్యాదయితే ఎంక్వయిరీ వస్తుందట. వస్తే దొరికేది ఇక్కడ ఉన్నవాళ్లే గానీ లేనివాళ్లు కాదట. ఆ ఆఖరి మాట మటుకు నిజం. ఆ తర్వాత ఆయనే ఒక వాక్యం చెప్పాడు, నేను రాసుకున్నాను. 'రోగిని మా ఇష్టపూర్వకంగా, మా సొంత బాధ్యత మీద తీసుకుపోవుచున్నాము.' దాని కింద బంధువుల సంతకమో వేలిముద్రో.

అప్పటి నుంచి ప్రతి చీటీలోనూ అదే వాక్యం. అటువైపు నొప్పులతో మనిషి అరుస్తూ ఉంటుంది, ఇటువైపు నేను ఇంకు ప్యాడు తెరిచి, అంబులెన్సులో పంపాలంటే ఇక్కడ వేలు వెయ్యాలమ్మా అంటాను. ఇదేమని అడిగినవాళ్లు లేరు. అడిగే తీరిక ఎవరికుంటుంది? వాళ్లు వేలు వేసి పరిగెత్తేవాళ్లు. నేను చీటీ నకలు ఫైల్లో కుట్టేదాన్ని. ఉద్యోగం కాపాడుకున్నాననుకున్నాను. ఆస్పత్రిని కూడా కాపాడుతున్నానని ఏ మూలో అనుకున్నాను, అదీ నా తెలివి. కాంట్రాక్టు మీద అశ్విత అనే పిల్ల నర్సుగా చేరినప్పుడు నేను నేర్పిన మొదటి పాఠం సూది వేయడం కాదు, ఈ వాక్యం.

రెండేళ్ల కిందట పెంచలమ్మ కోడలు చెంచులక్ష్మికి తొలికాన్పు. గొర్రెలు మేపుకునే కుటుంబం. కొడుకు మందను తోలుకుని సోమశిల వైపు మేతకు పోయి ఉన్నాడు, అత్తాకోడళ్లే ఆస్పత్రికి వచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆపరేషన్ చేసే డాక్టరమ్మ లేదు, మత్తిచ్చే డాక్టరు లేడు. చీటీ రాశాను. పెంచలమ్మ వేలు వేసింది. ఆత్మకూరు ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా అంబులెన్సులోనే బిడ్డ పోయింది. తల్లిని అక్కడి వాళ్లు దక్కించారు.

ఆ చీటీ నకలు కూడా ఫైల్లో కుట్టాను.

ఈ వేసవిలో జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. రాళ్లచింతల ఆస్పత్రిలో కాన్పుల వార్డు, పడకలు తీసేసి, మధ్యాహ్నం రెండింటి వరకు ఓపీ మాత్రమే నడపాలని ఆలోచిస్తున్నారట. సిబ్బందిని అవసరమున్నచోట సర్దుబాటు చేస్తారట. మాకు అవసరం లేదని ఎవరు చెప్పారో చూద్దామని కారణాల పేరా చదివాను. 'గత ఆరేళ్లలో రెఫర్ అయిన రెండు వందల పద్నాలుగు కేసుల్లో రెండు వందల పదమూడింటిలో ప్రజలు తమ ఇష్టపూర్వకంగానే ఇతర ఆస్పత్రులకు వెళ్లినట్లు రికార్డులు తెలుపుతున్నవి. కావున స్థానికులకు ఈ ఆస్పత్రి యందు ఆసక్తి లేదని తేలుచున్నది.'

ఆ మిగిలిన ఒక్కటి ఏదో నాకు తెలుసు. నేను నిజం రాసిన మొదటిది.

డాక్టర్లను పంపించనిది వాళ్లు. డాక్టర్లు లేరని రాయొద్దన్నది వాళ్ల మనిషి. ఇప్పుడు రాయలేదు కాబట్టి జనానికే ఆస్పత్రి అక్కర్లేదంటున్నది వాళ్లే. ఇంత చక్కటి లెక్క కట్టినవాడు ఎవడో గానీ వాడి నోట్లో దుమ్ము కొట్టాలనిపించింది. తర్వాత వాడికి సాక్ష్యం సమకూర్చి పెట్టింది ఎవరో గుర్తొచ్చింది.

ఆ రోజే చెంచులక్ష్మి పరీక్షకు వచ్చింది. మళ్లీ తొమ్మిదో నెల. బిడ్డ ఈసారి సరిగ్గానే ఉంది, తల కిందికే ఉంది. వెంట వచ్చిన పెంచలమ్మ ఒక్కటే అడిగింది.

"ఈసారి ఈడనే గదా నర్సమ్మా? ఆ రోడ్డు మీదికి మళ్లీ తోలవు గదా?"

ఈడనే అన్నాను. కాగితం నా జేబులో ఉంది.

గురువారం పదకొండు గంటలకు ఓపీ హాల్లో మీటింగు పెట్టారు. మూసేముందు గ్రామస్థుల అభిప్రాయం తీసుకోవాలని రూలుందట. నెల్లూరు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడే, టీ తెచ్చిన ఆయాకు కూడా థాంక్స్ చెప్పాడు. పక్కన ఆస్పత్రి కమిటీ ఛైర్మన్ జనార్దనయ్య. ఈ స్థలం వాళ్ల నాయన ఇచ్చిందే. ఆ సంగతి ఆయన ప్రతి మీటింగులోనూ చెబుతాడు. ఆయన మోకాలికి వైద్యం మాత్రం చెన్నైలో జరుగుతుంది. జనం నలభై మంది దాకా వచ్చారు. వెనక బెంచీ మీద పెంచలమ్మ కూర్చుంది.

జనార్దనయ్య లేచి నాయన స్థలం గురించి చెప్పి, ప్రభుత్వం ఏం చేసినా మన మంచికేనని కూర్చున్నాడు. శ్రీకృష్ణ లేచి డాక్టర్లను ఇస్తే మూసే పని ఉండదని అన్నాడు. ఆఫీసరు నవ్వి, ఇస్తే మాత్రం వచ్చేదెవరండీ, మీ ఊరి వాళ్లకే ఈ ఆస్పత్రి ఇష్టం లేదు కదా, ఇదంతా నేను చెబుతున్నది కాదు, వాళ్లు రాసిచ్చిందే అన్నాడు. అని, నా ఫైలు తెరిచాడు. నేను కుట్టిన ఫైలు. అందులోంచి ఒక్కొక్క చీటీ తీసి పేరు, తేదీ, వాక్యం చదవడం మొదలుపెట్టాడు. నాలుగోదో ఐదోదో చదువుతూ పెంచలమ్మ పేరు పలికాడు. "కోడలు చెంచులక్ష్మిని మా ఇష్టపూర్వకంగా, మా సొంత బాధ్యత మీద తీసుకుపోవుచున్నాము."

తర్వాతి చీటీ తిప్పబోతుండగా వెనక బెంచీ కదిలిన చప్పుడైంది.

"అయ్యా, ఆ పెంచలమ్మను నేనే," అందామె. గొంతు పెంచలేదు. "ఆ మాట నేనెప్పుడన్నాను?"

ఆఫీసరు చీటీ ఎత్తి చూపించి వేలిముద్ర ఉంది కదమ్మా అన్నాడు.

"ఏలు నాదే. ఆ మాట నాది గాదు. వ్యాన్‌లో పంపాలంటే ఏలెయ్యాల అన్నారు, ఏసినాను. బిడ్డ అడ్డం తిరిగి అది సచ్చిపోతా ఉంటే, దాన్ని యాభై కిలోమీటర్లు ఎత్తక పోవాలని నాకు ఇష్టమా? ఎవురికన్నా ఉంటదా సారూ ఆ ఇష్టం?"

ఆమె నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. అందులో కోపం ఉన్నా బాగుండేది. నేను కాదంటానని ఆశ ఉంది.

"నర్సమ్మా, ఆ కాయితంలో నువ్వు రాసింది అదేనా?"

జనార్దనయ్య నాకు కూర్చోమని చేత్తో సైగ చేస్తున్నాడు. పింఛను రావడానికి ఇంకా రెండేళ్లుంది. ఇవన్నీ ఆ క్షణంలో తట్టాయి, తట్టలేదని అబద్ధం చెప్పను. ఈ వయసులో ఇంకో అబద్ధం మొయ్యలేను.

"అవునమ్మా," అన్నాను. "నేనే రాసినాను. నీకు చదివి చెప్పలేదు."

ఆమె కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయింది. నాకు మాత్రం ఆగలేదు. ఆ రెండు వందల పదమూడు చీటీలూ అబద్ధమేనని, ఇష్టం అనే మాట నాకు చెప్పి రాయించారని, ఎవరు చెప్పారో, ఏ సంవత్సరం చెప్పారో అంతా చెప్పాను. ఆఫీసరు ముఖంలో మర్యాద పలచబడింది. ప్రభుత్వ రికార్డులో తప్పుడు రాతలు రాసినట్టు మీరే ఒప్పుకుంటున్నారు, తెలిసే మాట్లాడుతున్నారా అని అడిగాడు. తెలిసేనన్నాను. అలాగైతే రాసివ్వమన్నాడు.

"రాసిస్తాను సార్. నా రాత బాగుంటాది. ముందు మీరొక పని చెయ్యండి. బయట బోర్డు మీద ఐదు పేర్లుండాయి. ఆ ఐదుగురినీ పేరు పెట్టి పిలవండి. ఒక్కరు పలికినా నేను రాసిందే నిజమని ఒప్పుకుంటాను."

ఆయన పిలవలేదు. జనంలోంచి ఎవరో ముసలాయన పిలిచాడు. బోర్డు దగ్గర నిలబడి, డిగ్రీలతో సహా ఒక్కొక్క పేరే గట్టిగా చదివి, ప్రతి పేరు తర్వాతా ఆగాడు. కొందరు నవ్వారు. శ్రీకృష్ణ తలవంచుకున్నాడు, అతని పేరు రాలేదు గదా.

నాలుగు పేజీలు రాసిచ్చాను. మీటింగయ్యాక పెంచలమ్మ కోసం చూశాను. నా పక్కనుంచే నడిచి వెళ్లింది, పలకరించలేదు.

వారం తర్వాత రెండు కాగితాలు కలిసి వచ్చాయి. ఒకదానిలో, వార్డు తీసివేత ఆలోచన తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేశారు. రెండోదానిలో, తప్పుడు రికార్డులు రాసినందుకు నన్ను సస్పెండ్ చేశారు. ముగ్గురు నర్సులున్న ఆస్పత్రికి సిబ్బంది చాలడం లేదని తేలాక, పైవాళ్లు చేసిన మరమ్మతు అది. నాకు వాక్యం నేర్పిన సూపరింటెండెంటుకు ఏ కాగితమూ పోలేదు. నెల్లూరులో ఉన్న డాక్టరమ్మకు పోలేదు. సస్పెన్షన్ ఆర్డరు చివర ఒక లైను ఉంది, అనుమతి లేకుండా రాళ్లచింతల విడిచి వెళ్లరాదని. దాన్ని చదివి కడుపుబ్బ నవ్వాను. ఈ ఊరు విడిచి పోరాదని ఇన్నేళ్లలో ఒక్క డాక్టరుకైనా రాశార్రా మీరు? సరే, ఆ ఆర్డరుకు కట్టుబడి ఆస్పత్రి వెనక క్వార్టర్సులోనే కూర్చున్నాను. గోడవతలి నుంచి అన్నీ వినిపించేవి. ట్రాలీ చక్రం కీచుమనేది. నూనె వేసే దిక్కు లేదని నాలో నేనే తిట్టుకునేదాన్ని.

సోమవారం పొద్దున పది గంటలప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది. పెంచలమ్మ. ఒళ్లంతా చెమట. చేతిలో ఒక కాగితం.

"చదువు," అంది లోపలికి రాకుండానే. "ఏలేసే ముందర చదివించుకోవాలని ఇప్పుడు తెలిసింది నాకు. చదువు."

రెఫర్ చీటీ. చెంచులక్ష్మి పేరు మీద. సోమవారం శ్రీకృష్ణ ఇంకో ఆస్పత్రిలో ఉంటాడు. డ్యూటీలో అశ్విత ఒక్కతే. నాతోటి నర్సు రెండు డ్యూటీలు వరసగా చేసి ఇంటికి పోయి ఉంటుంది. అశ్విత భయపడింది, ముందు కాన్పులో బిడ్డ పోయిన కేసు అని. కారణం దగ్గర అచ్చం నా అక్షరాల్లాగే గుండ్రంగా రాసి ఉంది. 'మా ఇష్టపూర్వకంగా, మా సొంత బాధ్యత మీద.' అంత జరిగాక కూడా. ఆ పిల్లను ఏమనాలి? నేను నేర్పిన పాఠం అంత బాగా వచ్చింది.

చదివి వినిపించాను, ఒక్క అక్షరం మింగకుండా. పెంచలమ్మ కళ్లు ఎర్రబడ్డాయి.

"నేనెయ్యను," అంది.

"ఎయ్యబాక. పద," అని చెప్పులు వేసుకోవడం కూడా మరిచి నడిచాను.

అశ్విత నన్ను చూడగానే ఏడవడం మొదలుపెట్టింది. తర్వాత ఏడుద్దువు గానీ గ్లవ్స్ తెమ్మన్నాను. చెంచులక్ష్మిని చూస్తే నొప్పులు నిమిషానికొకటిగా వస్తున్నాయి, బిడ్డ తల కిందికి దిగిపోయి ఉంది. అంబులెన్సు ఎక్కించి ఉంటే రోడ్డు మీదే కాన్పయ్యేది. అదే రోడ్డు మీద. అశ్వితతో శ్రీకృష్ణకు ఫోన్ చేయించాను. పంపొద్దు, మీరు చూస్తుండండి, బండి మీద బయల్దేరుతున్నాను అన్నాడు. ఉతికి మడత పెట్టిన యూనిఫాం ఇంట్లో ఉంది. నేను పాత నూలు చీరలోనే చేతులు కడుక్కున్నాను.

ఇరవై నిమిషాల్లో ఆడపిల్ల పుట్టింది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. దాన్ని తప్పించి బయటికి తీసినా ఏడవలేదు. ఒళ్లు నీలంగా ఉంది. వీపు రుద్దాను. పలకలేదు. ముక్కూ నోటి మీద మాస్కు పెట్టి గాలి సంచీ నొక్కుతూ, ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాను. అశ్విత గుండె చప్పుడు వింటూ, కొట్టుకుంటా ఉండాది అక్కా, కొట్టుకుంటా ఉండాది అని అదే పనిగా చెబుతూ ఉంది. పెంచలమ్మ గుమ్మంలో ఆ చీటీని గుప్పిట్లో నలుపుతూ నిలబడి ఉంది. నేను లెక్క తప్పాను, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అప్పుడు ఏడ్చింది పిల్ల.

శ్రీకృష్ణ హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చేసరికి పిల్ల తల్లి రొమ్ము పట్టి ఉంది. ఇద్దరినీ పరీక్ష చేసి, నా భుజం తట్టి బయటికి పోయాడు.

పెంచలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఈ బిడ్డ ఆ బిడ్డకు బదులు గాదు నర్సమ్మా."

"కాదమ్మా."

"గాదు," అని మళ్లీ అంది. అప్పటికి గానీ నలిగిన చీటీని నా చేతిలో పెట్టలేదు.

కాన్పుల రిజిస్టరులో కాన్పు చేసినవారు అనే గడి దగ్గర అశ్విత పెన్ను పట్టుకుని ఆగిపోయింది. ఏం రాయాలక్కా అని అడిగింది. జరిగింది రాయమన్నాను. 'రెబెకమ్మ, స్టాఫ్ నర్సు, సస్పెన్షన్‌లో ఉన్నారు' అని రాసింది. ఆ పక్క గడిలో నేను అడగకుండానే 'డాక్టరు ఆ సమయమున లేరు' అని రాసింది. పిల్ల నేర్చుకుంటుంది.

రిజిస్టరు పైకి పోయింది. నిజం రాస్తే ఎంత తొందరగా చదువుతారో అప్పుడు తెలిసింది. ఆరేళ్లపాటు నేను రాసిన అబద్ధాన్ని పైన ఒక్కరూ ప్రశ్నించలేదు గానీ, నా పేరున మెమో ఆరు రోజుల్లో వచ్చింది. సస్పెన్షన్‌లో ఉండి కూడా ఏ అధికారంతో, ఎవరి ఆదేశం మీద లేబర్ రూములోకి ప్రవేశించి కాన్పు చేశారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెనని.

మూడు రోజులెందుకు? మెమో తెచ్చిన మనిషిని ఐదు నిమిషాలు నిలబెట్టి, తెల్ల కాగితం తీసుకుని, టీచరమ్మ దిద్దించినట్టు అక్షరం పక్కన అక్షరం పేర్చి ఒక్క లైను రాసిచ్చాను.

'నా ఇష్టపూర్వకంగా, నా సొంత బాధ్యత మీద.'